రెండు వినికిడి పరీక్షలు

మేస్త్రీ పిరికివాడేమీ కాదు. సొట్టపోయిన కార్ల తలుపుల్ని, బానెట్లని సుత్తితో కొట్టి సాపు చేసే పని ఆయనది. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరడానికి భయపడడు. గ్యాసు మంటకు భయపడడు. షెడ్డు ఓనరు నోటికైతే అసలే భయపడడు. అలాంటి మనిషి నలభై దాటాక ఒక స్పీకరు డబ్బాకు భయపడ్డాడు.

ఆ డబ్బా జెరాక్స్ షాపు మేడమీద, జర్మన్ నేర్పే టీచరమ్మ బల్ల మీద ఉండేది. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. టీచరమ్మ మీట నొక్కగానే అందులోంచి ఒక ఆడగొంతు మాట్లాడేది. ఏదో రైలు ఏదో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందనేది. ఎవరో ఎవరికో ఫోన్ చేసి ఎన్నింటికో రమ్మనేవారు. ఎన్నో ప్లాట్‌ఫారం, ఎన్నింటికి అన్నవే ప్రశ్నలు. చుట్టూ ఉన్నవాళ్ల పెన్నులు గబగబా కదిలేవి. మేస్త్రీకి మాత్రం గోడకు అవతల ఎవరో దుప్పటి ముసుగేసుకుని గొణుగుతున్నట్టు ఉండేది. అరచేతులు చెమట పట్టి పెన్ను జారిపోయేది.

ఆయనకు ఈ వయసులో ఈ చదువు ఎందుకొచ్చిందంటే, భార్య వల్ల. ఆవిడ నర్సు. కష్టపడి జర్మన్ నేర్చుకుని, ఆ దేశంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుని కిందటి ఏడు వెళ్లింది. మొగుడూ కూతురూ ఆవిడ దగ్గరికి చేరాలంటే మొగుడు మొదటి మెట్టు పరీక్ష, అదే ఎ-వన్ అంటారే, అది ప్యాసవ్వాలి.

"చిన్నపిల్లల పరీక్షండీ అది. పేరు చెప్పాలి, టైము చెప్పాలి, బజారులో బేరం ఆడటం రావాలి. ఆ మాత్రం మీకు రాదా?" అంది భార్య వెళ్లేముందు.

ఆ మాత్రం రావడానికే మేస్త్రీ తల ప్రాణం తోకకొచ్చింది.

చదవడం బాగానే వచ్చింది. పనిలో చెయ్యి ఎంత శుభ్రమో రాతలో అంత శుభ్రం. టీచరమ్మ ఎదురుగా నిలబడి అడిగితే సమాధానం చెప్పేవాడు కూడా. ఎటొచ్చీ ఆ డబ్బా మాట్లాడితేనే బుర్ర మొద్దుబారిపోయేది.

ఒకరోజు డబ్బాలో ఎవరో హోటలుకు వెళ్లారు. టీచరమ్మ ఆపి అడిగింది. "మేస్త్రీగారూ, ఆయన భోజనానికి ఏం తెప్పించుకున్నాడు?"

మేస్త్రీ విన్నది విన్నట్టే చెప్పాడు. "టిష్."

క్లాసంతా గొల్లుమంది. ఫిష్ అంటే చేప. టిష్ అంటే బల్ల.

"పాపం ఎంత ఆకలి మీద ఉన్నాడో, బల్లే తినేశాడు" అంది టీచరమ్మ. అందరితో పాటు మేస్త్రీ కూడా నవ్వాడు. రెండు మాటలకీ అర్థం ఆయనకు నిద్రలో అడిగినా వచ్చు. కానీ ఆయన చెవికి ఆ రెండూ ఒకటే మాట. 

నిజానికి కొంతకాలంగా ఆయన చెవుల్లో కీచురాయి కూస్తూనే ఉంది. పాతికేళ్లు ఇనుము మీద ఇనుము కొట్టిన చెవులవి. షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనక అక్కడ గడిచిపోయింది. ఇంట్లో తెలుగు గనక గడిచిపోయింది. పుట్టి పెరిగిన ఇంట్లో చీకట్లో కూడా గడప తగలకుండా నడుస్తాం చూడండి, అలా సగం మాట చెవిన పడితే మిగతా సగం పూరించుకునేవాడు. జర్మన్ కొత్త ఇల్లు. అడుగడుక్కీ గోడ తగిలేది.

చెవుడన్న మాట తనకు తాను కూడా చెప్పుకోలేదు. చెప్పుకుంటే నిజమైపోతుందని భయం. చెవిటివాణ్ని ఏ దేశం రానిస్తుంది? ఓనరుకు తెలిస్తే షెడ్డులో ఉంచుతాడా? రోజూ రోగుల మధ్య తిరిగే భార్య, ఇంటికొస్తే ఇంకో రోగి కనిపించాడని అనుకోదా? ఈ మూడు ప్రశ్నలూ ఆయన పక్కలోనే పడుకుని ఆయనతోనే లేచేవి.

ఇంట్లో ఆయన కాక ఇంకో ఇద్దరు. ఆరేళ్ల కూతుర్ని సన్నని గొంతు వల్ల అందరూ పిట్ట అని పిలిచేవారు. నాన్నతో మాట్లాడాలంటే ముందు చొక్కా అంచు పట్టుకు లాగి, మొహం తనవైపు తిరిగాక నోరు విప్పేది. దాని అలవాటే అంతని మేస్త్రీ అనుకునేవాడు. రెండో మనిషి అత్తగారు. కుట్టు షాపు ఉన్న మనిషి. కూతురు వెళ్లగానే షాపు పనివాళ్లకు అప్పజెప్పి మనవరాల్ని చూసుకోవడానికి వచ్చింది. ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు. "బాబూ! అన్నం చల్లారిపోతోంది!" అని కేకేస్తే ఎదురింటివాళ్లు కూడా కంచాల ముందు కూర్చునేవాళ్లు. పెళ్లాం వెనకాల పోయే అల్లుడని లోకువ కట్టి అరుస్తోందని మేస్త్రీ లోపల్లోపల నొచ్చుకునేవాడు. అయినా పెద్దావిడని ఏమంటాడు?

భార్య రోజూ డ్యూటీ దిగి నడుచుకుంటూ వీడియో ఫోన్ చేసేది. వీధి, గాలి, ఆవిడ మెడ చుట్టూ మఫ్లరు. బొమ్మ ఆగి ఆగి కదిలేది, మాట చిక్కేది కాదు. మేస్త్రీ ఆవిడ మొహం చూసి అంచనా వేసి "సరే సరే", "మంచిది", "అలాగే చెయ్యి" అంటూ ఉండేవాడు. ఒకసారి ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఆయన "మంచిది, మంచిది" అన్నాడు. ఆవిడ కాసేపు ఆయనకేసి అలాగే చూసి ఫోన్ పెట్టేసింది. నెట్‌వర్క్ పోయిందనుకున్నాడు.

అంతకంటే భయపెట్టిన సంగతి ఇంకోటి జరిగింది. పిట్ట ఫోన్ దగ్గరికి రావడం మానేసింది. పిలిస్తే మంచం కిందికి దూరేది. "ఫోన్ అమ్మ నాకొద్దు" అంది ఒకరోజు, అత్తగారి ఒళ్లో మొహం దాచుకుని. ఆ మాట ఆయనకు అత్తగారు చెబితే తెలిసింది. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే తల్లీపిల్లా ఒకరికొకరు కాకుండా పోతారేమోనని ఆయన గుండె జారిపోయింది.

పరీక్ష దగ్గర పడింది. టీచరమ్మ నమూనా పరీక్ష పెట్టింది. చదవడం, రాయడం బాగా వచ్చాయి. వినడంలో గుడ్డు సున్నా.

"ఈసారి ఆగండి మేస్త్రీగారూ" అంది టీచరమ్మ, అందరూ వెళ్లాక. "తొందరేముంది? ఇంట్లో రోజూ వినండి. మీరు వినడమే లేదు."

"వింటున్నానమ్మా. బాగా వింటున్నాను. ఆపొద్దు, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన పన్నిన ఉపాయం ఏమిటంటే, టీచరమ్మ పెదవులు చూడటం. ముందు బల్లకు మారాడు. ఆవిడ నోరు ఎలా తిరిగితే ఏ మాటో కంఠతా పట్టాడు. పెదవులు చూస్తే ఫిష్ ఫిష్‌గానే, టిష్ టిష్‌గానే తెలిసేవి. నాలుగు రోజులు ధైర్యంగా కూడా ఉన్నాడు. తర్వాత గుర్తొచ్చింది, స్పీకరుకు పెదవులుండవని.

టీచరమ్మ తక్కువదేమీ కాదు. తను బోర్డు వైపు తిరిగి అంకెలు చెబితే మేస్త్రీ కాగితం తెల్లగా ఉండటం, ఇటు తిరిగి చెబితే నిండటం గమనించింది. ఒక సాయంత్రం ఆయన్ని ఉండమంది. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుంది.

పుస్తకం వెనక ఏదో కదిలింది. ఏదో గొణుగుడు.

"ఏం చెప్పాను?" అంది పుస్తకం దించి.

మేస్త్రీ ఊహించి చెప్పాడు. "ఫ్యున్ఫ్‌త్సేన్... పదిహేను."

"కాదు. ఫ్యున్ఫ్‌త్సిష్. యాభై. ఇంకోసారి." మళ్లీ పుస్తకం. మళ్లీ గొణుగుడు. ఆయన కళ్లు ఆ అట్ట మీద అటూ ఇటూ పరుగెత్తాయి, దొంగ తలుపు కోసం వెతుక్కున్నట్టు.

"మేస్త్రీగారూ, ఈసారి జర్మన్ కూడా కాదు. 'మీ చొక్కా ఏ రంగు' అని తెలుగులోనే అడిగాను" అంది టీచరమ్మ మెల్లగా.

ఆయన లేచాడు. సంచీ కుర్చీలోనే వదిలేసి మెట్లు దిగిపోయాడు.  వెనక నుంచి టీచరమ్మ పిలిచిందో లేదో ఆయనకు తెలియదు. పిలిచినా తెలియదన్న సంగతి తలుచుకుని ఇంకా గబగబా నడిచాడు.

తర్వాత క్లాసుకు పోలేదు. ఇంట్లో పోతున్నట్టే చెప్పి, సాయంత్రాలు షెడ్డులోనే గడిపాడు. అక్కడైతే అందరూ చెవిటివాళ్లే, తన చెవుడు బయట పడదు.

ఆ షెడ్డే ఆయన్ని పట్టిచ్చింది. ఒక వ్యాను వెనక తలుపు దగ్గర వంగి సొట్ట చూస్తున్నాడు. డ్రైవరు బండెక్కి వెనక్కి పోనిచ్చాడు. హారన్ కొట్టాడు. ఓనరు అరిచాడు. పెయింటరు అరిచాడు. మేస్త్రీకి మాత్రం కీచురాయి ఒక్కటే వినపడుతోంది. బంపరు వచ్చి ఆయన తుంటికి ఆనింది. వెనక ఇంకో కారు. రెంటి మధ్యా నలగబోతుండగా పెయింటరు కాలరు పట్టుకుని గుంజితే ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"చెవులు ఇంట్లో పెట్టొచ్చావురా? ఇంకాస్తయితే నిన్ను కూడా సుత్తితో సాపు చెయ్యాల్సొచ్చేది!" అని పెయింటరు కసిరాడు. కసురుతూనే ఏడుస్తున్నాడు. ఓనరు ఒక్క మాటా అనలేదు. ఆయన నోరు మూసుకోవడం అందరూ అదే మొదటిసారి చూడటం.

ఆ రోజు మేస్త్రీ పొద్దు ఉండగానే ఇల్లు చేరాడు. చేతిలో గ్లాసు నిలవలేదు, నీళ్లు చొక్కా మీద ఒలికాయి. అత్తగారు చూసింది. గ్లాసు తీసి పక్కన పెట్టింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏమైంది బాబూ?"

చెప్పేశాడు. వ్యాను సంగతి, పుస్తకం అడ్డం పెట్టిన సంగతి, క్లాసు మానేసిన సంగతి. చివరికి ఆ మాట కూడా నోట వచ్చింది. "నాకు వినపడదు అత్తయ్యా. నేను చెవిటివాణ్ని."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసు నాయనా" అంది.

"తెలుసా?"

"తెలియకేం? మరి నేను ఇన్నాళ్లూ ఎందుకు గొంతు చించుకుంటున్నాననుకున్నావు? నా షాపులో నేను మాట్లాడితే పక్క మిషను మీద పిల్లకు కూడా వినపడదు. నీ ఇంటికొచ్చాకే నాకీ దండోరా గొంతు వచ్చింది. పిట్టకీ తెలుసు. 'నాన్నకు మొహం చూపిస్తేనే మాట చేరుతుంది అమ్మమ్మా' అని అదే నాకు చెప్పింది."

మేస్త్రీ తల దించుకున్నాడు. సిగ్గో ఏడుపో ఆయనకే తెలియలేదు. ఆవిడ గడ్డం పట్టి తల పైకెత్తింది, మాట చేరాలంటే మొహం కనపడాలి గనక.

"కంటికి మసకొస్తే అద్దాలు పెట్టుకుంటారు. సూదిలో దారం ఎక్కట్లేదని నేను పెట్టుకోలేదూ? చెవికి మాత్రం పరువు అడ్డమొచ్చిందా? రేపు డాక్టరు దగ్గరికి పద."

"డాక్టరు రాసిచ్చాడంటే ఇక వీసా..."

"వీసా సంగతి వీసా చూసుకుంటుంది. ముందు మనిషి మిగలాలిగా! ఇవాళ ఆ పెయింటరు లేకపోతే ఏమయ్యేదో ఒకసారి అనుకో."

అనుకున్నాడు. అనుకున్నాక మారు మాట్లాడలేదు.

చెవి డాక్టరు దగ్గర ఒక చిన్న గది ఉంది. గోడలకు మెత్తలు, మందపాటి తలుపు, ఒక అద్దపు కిటికీ. మేస్త్రీ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, "శబ్దం వినపడగానే నొక్కండి, ఎంత చిన్నదైనా సరే" అని చెప్పి, పరీక్ష చేసే అమ్మాయి అద్దానికి అవతల కూర్చుంది.

మొదట డుబ్ డుబ్ మని బరువైన శబ్దాలు వచ్చాయి. నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ కాస్త ధైర్యం వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

అద్దం అవతల అమ్మాయి చెయ్యి మాత్రం కదులుతోంది. ఏదో తిప్పుతోంది. ఆయనకేసి చూస్తోంది. మళ్లీ తిప్పుతోంది. ఆమె తిప్పిన ప్రతిసారీ ఈ గదిలో ఒక శబ్దం పుడుతోందని, మరొకరెవరైనా వినగలరని, తనకు మాత్రం అది పుట్టనే లేదని మేస్త్రీకి అర్థమైంది. అంత నిశ్శబ్దం ఆయన జీవితంలో ఎరగడు. బండి కింద ఉన్నప్పుడు జాకీ జారితే ఎలా ఉంటుందో అలా ఉంది. వినపడకపోయినా నొక్కేద్దామా అనుకున్నాడు. బొటనవేలు మీట మీదికి పోయింది. పుస్తకం వెనక చెప్పిన తప్పు సమాధానం గుర్తొచ్చి ఆగిపోయాడు. నొక్కకుండా కూర్చోవడమే ఆ రోజు ఆయన చేసిన కష్టమైన పని.

డాక్టరు గీత గీసిన కాగితం చూపించాడు. ఆ గీత మేడ మీద మొదలై నూతిలో పడ్డట్టు ఉంది. "బరువు శబ్దాలు మీకు బాగానే అందుతున్నాయి. సన్నని శబ్దాలు పోయాయి. స, ఫ, త లాంటివి, పక్షి కూతలు, చిన్నపిల్లల గొంతులు. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోండి. రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. సుత్తి పట్టుకున్నప్పుడు మాత్రం మిషన్లు తీసేసి, చెవులకు చప్పుడు ఆపే కప్పులు పెట్టుకోవాలి."

"దీంతో జర్మన్ వస్తుందాండీ?" అని అడిగాడు మేస్త్రీ.

డాక్టరు నవ్వాడు. "జర్మన్ సంగతి నాకు తెలియదు. రాకపోతే మాత్రం ఇక తప్పు చెవిది కాదు."

ఆ సాయంత్రం భార్యకు తనే ఫోన్ చేశాడు. ఇంట్లో కూర్చుని మాట్లాడమన్నాడు. సంగతంతా చెప్పాడు. ఆవిడ చాలాసేపు పలకలేదు. మాట్లాడుతోందేమో, తనకే వినపడట్లేదేమోనని ఆయన కంగారుపడి ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆవిడ మాట్లాడట్లేదు. ఏడుస్తోంది.

తర్వాత ఒక్కో మాటా విడదీసి, గట్టిగా అడిగింది. "ఆ రోజు నేను చెప్పింది మీకు వినపడలేదా?"

"ఏ రోజు?"

"నా వార్డులో ముసలావిడ పోయిందని చెప్పిన రోజు. నా చెయ్యి పట్టుకునే పోయింది. నాకు ఇక్కడ భయంగా ఉంది, వచ్చేస్తాను అన్నాను. మీరు 'మంచిది, మంచిది' అన్నారు."

మేస్త్రీ ఫోన్ రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మీ మనసు రాయయిపోయిందనుకున్నాను. నేను లేకపోతేనే హాయిగా ఉందేమో అనుకున్నాను. ఇంతకాలం దాంతోనే బతికానండీ."

"నాకు ఒక్క ముక్క వినపడలేదే" అన్నాడు. "నవ్వుతున్నావనుకున్నాను. చలికి మొహం అలా ఉందనుకున్నాను. ఇప్పుడు చెప్పు. మొదటి నుంచీ చెప్పు. తొందర లేదు."

ఆవిడ చెప్పింది. వినపడని చోటల్లా ఆయన ఆపి అడిగాడు. అలా అడగడం ఆయనకు పెళ్లయ్యాక అదే మొదలు. ముసలావిడ ఎవరు, ఏం అడిగింది, ఏ వేలు పట్టుకుంది, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఇన్నాళ్లూ తన భయం ఒక్కటే లోకంలో ఉందనుకున్న మనిషికి, అంత దూరంలో మఫ్లరు చుట్టుకుని ఇంకో భయం రోజూ ఒంటరిగా నడుస్తోందని అప్పుడు తెలిసింది.

మిషన్లు వచ్చాయి. మొదటిరోజు మేస్త్రీ వాటిని గిరవాటు వేసేద్దామనుకున్నాడు. కాగితం మడిస్తే పిడుగు పడ్డట్టుంది. తన చెప్పుల చప్పుడుకు తనే ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. అత్తగారు అలవాటుగా "బాబూ!" అనేసరికి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "అత్తయ్యా, ఇక మెల్లగా అన్నా చాలు" అంటే, "అమ్మయ్య, నా గొంతుకు సెలవు దొరికింది" అందావిడ.

రెండోరోజు పక్క గదిలోంచి సన్నగా ఏదో మాట వినపడింది. పిట్ట బొమ్మతో మాట్లాడుకుంటోంది. గోడ అవతలి నుంచి కూతురి గొంతు వినడం ఆయనకు కొత్త. కదలకుండా నిలబడ్డాడు. "ఫోన్ ఎత్తకు. ఎత్తితే మళ్లీ పెట్టెయ్యాలి. పెట్టేస్తే అమ్మ ఉండదు" అని బొమ్మకు బుద్ధి చెబుతోంది.

అమ్మంటే ఇష్టం లేక కాదన్నమాట. ఆయన గడప మీదే కూలబడ్డాడు.

టీచరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాడు. ఆవిడ ఏమీ అడగలేదు, ఆయన సంచీ తీసి ఇచ్చింది. మీట నొక్కింది. డబ్బాలో ఆడగొంతు మాట్లాడింది.

"అమ్మా, ఈ భాష నిండా పాము బుసలేనా?" అన్నాడు మేస్త్రీ తెల్లబోయి. ఇన్నాళ్లూ మాటల తోకలు ఆయనకు అందలేదు. ఇప్పుడు ప్రతి మాటకూ స అనో ష అనో త్స అనో ఒక తోక వేలాడుతోంది. తెలిసిన మాటలే తెలియనివాళ్లలా వచ్చి నిలబడ్డాయి. మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలు. పరీక్షేమో ముంచుకొస్తోంది. ఇప్పుడు ఇంకో రకం భయం పట్టుకుంది. ఇంతకుముందు ఓడిపోతే చెవి మీదికి తోసెయ్యొచ్చు. ఇక తోసెయ్యడానికి ఎవరూ లేరు.

టీచరమ్మ పరీక్ష పెట్టేవాళ్లకు ముందుగానే సంగతి తెలియజేసింది. డాక్టరు కాగితం చూసి, ఆయన్ని విడిగా కూర్చోబెడతామన్నారు. వీసాకు చెవితో పేచీ లేదని కూడా టీచరమ్మే కనుక్కుని చెప్పింది. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి" అంది. "ఏదైనా ప్రశ్న పోతే పోనివ్వండి. వెళ్లిపోయిన రైలు వెనక పరుగెత్తితే వచ్చే రైలు కూడా పోతుంది."

పరీక్ష రోజు ఆయన్ని కూర్చోబెట్టిన గది మడత కుర్చీలు దాచుకునే గదిలా ఉంది. పరీక్ష పెట్టే ఆవిడ పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, నవ్వని మొహంతో ఉంది. స్పీకరు ఎదురుగా పెట్టి, బాగా వినపడుతోందా అని జర్మన్‌లో అడిగింది. అది అర్థమైనందుకే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "యా" అన్నాడు. అంటే అవునని.

మొదటి ప్రశ్నలు రెండేసిసార్లు వినిపించారు. మొదటిసారి గుండె చప్పుడే ఎక్కువ వినపడింది, రెండోసారి మాట చిక్కింది. తర్వాత ఒక్కసారే వినిపించేవి వచ్చాయి. ఒక రైలు ప్రకటన. సరిగ్గా అంకె చెప్పే వేళకు బయట ఎవరో కుర్చీ ఈడ్చారు. మిషన్లు ఆ కీచు శబ్దాన్ని తెచ్చి చెవిలో కుమ్మరించాయి. అంకె పోయింది. మేస్త్రీ నుదురు తడిసిపోయింది. పదిహేనా, యాభయ్యా? తోక ఏమిటి? తోక కోసం వెతుకుతుండగా రెండో ప్రకటన వచ్చి వెళ్లిపోయింది. దాన్నుంచి ఒక్క మాటా వినలేదు. ఇక అయిపోయిందనుకున్నాడు. కళ్ల ముందు కాగితం అలుక్కుపోయింది. లేచి మెట్లు దిగి పారిపోవడానికి కాళ్లు సిద్ధంగా ఉన్నాయి, వాటికి దారి తెలుసు.

బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. పోయిన రెంటి మీదా పెన్నుతో ఏదో ఒకటి గీసి, వేలు తర్వాతి ప్రశ్న మీద పెట్టాడు. స్పీకరు మళ్లీ గొంతు సవరించుకుంది.

మధ్యాహ్నం మాట్లాడే పరీక్ష. అది అందరితో కలిపి, ఒక బల్ల చుట్టూ. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఆయన్ని ప్రశ్న అడగాలి. ఆ పిల్ల తల పైకెత్తకుండా, ఒళ్లోకి చూస్తూ ఏదో అంది. పెదవులు కనపడలేదు. మిషన్లకు కూడా అందలేదు. పరీక్ష పెట్టే ఇద్దరూ ఆయనకేసి చూస్తున్నారు. మనసు చప్పున పాత దారి పట్టబోయింది. "యా, యా, గూట్" అనేస్తే? అదే జర్మన్‌లో 'సరే సరే, మంచిది'.

అనలేదు. రెండు చెవులూ కనపడేలా జుట్టు వెనక్కి తోసుకుని, అందరి ముందూ అన్నాడు. "నోఖ్ ఐన్‌మాల్, బిటె. ఇష్ హోయరె ష్లెష్ట్." ఇంకొక్కసారి చెప్పండి, నాకు సరిగా వినపడదు.

నెరిసిన జుట్టావిడ కాగితం మీద ఏదో రాసింది. మార్కులు కొట్టేస్తోందనే అనుకున్నాడు. ఆ పిల్ల తలెత్తి గట్టిగా అడిగింది. వారాంతంలో ఏం చేస్తారని. మేస్త్రీ చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత ఆయనకే గుర్తు లేదు.

బయట వరండాలో ఆ పిల్ల దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, మీకు పుణ్యం ఉంటుంది. నేను మొదటిసారి అడిగింది మొత్తం తప్పు. మీరు వినపడలేదనబట్టి సరిచేసుకున్నాను" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ నవ్వు మధ్యలో మళ్లీ భయం గుర్తొచ్చి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

ఫలితం వచ్చేదాకా మేస్త్రీ సరిగా తిన్నది లేదు, పడుకున్నది లేదు. ఆ రోజు షెడ్డులో చెవుల మీద కప్పులు పెట్టుకుని పనిలో ఉండగా ఫోన్ వణికింది. తెరిచే ధైర్యం లేక పెయింటరు చేతికిచ్చాడు. పెయింటరు రంగు చేతుల్తో ఫోనంతా నీలం చేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఏదో అన్నాడు. కప్పుల్లోంచి వినపడలేదు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఆ ఒక్క క్షణం మేస్త్రీకి మెత్తల గదిలో కూర్చున్నట్టే ఉంది. కప్పులు తీశాడు.

"బొటాబొటీగా అయినా గట్టెక్కావురా!" అని అరుస్తున్నాడు పెయింటరు. చదవడంలో, రాయడంలో వచ్చిన మార్కులు వినడంలో పోయినవాటిని పూడ్చాయి. మాట్లాడటంలో ఆయన అనుకున్నంతగా ఏమీ కొట్టెయ్యలేదు. ఓనరు వచ్చి చెయ్యి కలిపి, "ఇక నా మాట వినే ఒక్క మేస్త్రీ కూడా పోతున్నాడన్నమాట" అన్నాడు. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వాడు.

ఇంటికెళ్లి చెప్పగానే అత్తగారు కళ్లు తుడుచుకుని వెంటనే తన షాపుకు ఫోన్ చేసింది, తన మిషను మీద ఎవరినీ కూర్చోనివ్వొద్దని, త్వరలో వస్తున్నానని. భార్యకు డ్యూటీ అయ్యాక చెప్పారు. పిట్ట ఫోన్ దగ్గరికి వచ్చింది గానీ, అమ్మ ఏమడిగినా తల ఊపడమే తప్ప మాట్లాడలేదు.

ఫోన్ పెట్టేశాక నాన్న పక్కన చేరింది. ఈసారి చొక్కా లాగలేదు.

"నాన్నా, అక్కడి పిల్లలు మాట్లాడితే నాకు తెలియదుగా."

"తెలియదు."

"నాకు భయం."

భయమెందుకే అనబోయి ఆగాడు మేస్త్రీ. "నాకూ భయమే" అన్నాడు.

పిట్ట ఆశ్చర్యపోయింది. "నువ్వు ప్యాసయ్యావుగా?"

"ప్యాసయితే పోతుందనుకున్నాను. పోలేదు."

 అది ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, సుత్తి పట్టి కాసిన కాయల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ కూర్చుంది. వంటింట్లోంచి అత్తగారు మామూలు గొంతుతో అన్నానికి రమ్మని పిలిచింది. ఇద్దరూ లేచారు.